వీధి మలుపులో పాత పీసీవో డబ్బా: తీయించాలంటే ఎవరిని పట్టుకోవాలి?

మలుపు_ఇల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ రోజుల్లో ఫోన్ బూత్ గొడవేంటని నవ్వుకోకుండా చదవండి. ఊరి పేరు వద్దులెండి, కోస్తాలో ఓ మున్సిపల్ కార్పొరేషన్ మాది. మా వీధి మెయిన్ రోడ్డులో కలిసేచోట, సరిగ్గా మలుపు మీద, ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమించి ఒక పాత పీసీవో (డబ్బులిచ్చి ఫోన్ చేసుకునే పబ్లిక్ బూత్) డబ్బా ఉంది. ఇనుప ఫ్రేము. ఒకప్పుడు మూడు వైపులా అద్దాలుండేవి, ఇప్పుడు రెండు వైపులా రేకు కొట్టేశారు. నెత్తిన పసుపు బోర్డు, దాని మీద ఎస్టీడీ, ఐఎస్డీ అక్షరాలు వెలిసిపోయి పీసీవో ఒక్కటే కనపడుతోంది. రోడ్డు వైపు చెక్క అర, దాని మీద కాయిన్ బాక్స్ బిగించిన నాలుగు బోల్టులు అలాగే ఉన్నాయి, బాక్స్ మాత్రం ఎప్పుడో పోయింది. ఆ బోల్టుల మధ్య రోజూ పొద్దున్నే చూస్తే ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, ఖాళీ క్వార్టర్ సీసాలు. వెనక లోపలి క్యాబిన్‌కి తాళం. ఆ తాళం ఎవరిదో ఎవరికీ తెలీదు, కానీ ఎప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది, అంటే ఎవరో మారుస్తున్నారు.

తాగేవాళ్ళ గోల ఒక ఎత్తు, మలుపు ఒక ఎత్తు. మా వీధిలోంచి బండి మీద మెయిన్ రోడ్డెక్కేవాడికి కుడి వైపు నుంచి వచ్చేది ఏదీ కనపడదు, ముందు చక్రం రోడ్డు మీదికి పెడితే తప్ప. స్కూలు పిల్లలు ఫుట్‌పాత్ లేక రోడ్డు దిగి నడుస్తారు, అక్కడే ఆటోలు తిరుగుతాయి. ఇంకా ఎవరికీ ఏం కాలేదు, అయ్యేదాకా ఆగాలా?

టెలిఫోన్ ఆఫీసుకి వెళ్తే "మాది ఫోను, వైరు వరకే, డబ్బాతో మాకు సంబంధం లేదు" అన్నారు. మున్సిపాలిటీలో అడిగితే "అది టెలిఫోన్ వాళ్ళది, మేం ముట్టుకుంటే మాకు లేనిపోని తలనొప్పి" అన్నారు. కార్పొరేటర్ గారు చూద్దాం అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు ఒక రాత్రి క్రేన్ తెప్పించి ఎత్తించేద్దాం, పొద్దున్నకి ఎవరు తీశారో ఎవడికి తెలుస్తుంది అంటున్నారు. నేనే ఆపుతున్నాను. అసలు ఇది చట్టప్రకారం ఎవరిది? ఎవరికి రాస్తే కదులుతుంది? ఇలాంటిది తీయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_బూత్_కాపు

మీ పోస్టు చదివి నా బూత్ గుర్తొచ్చిందండీ, నేను దాదాపు పదిహేనేళ్ళు ఎస్టీడీ బూత్ నడిపినవాణ్ణి, పోలియో కాలు, వికలాంగుల కేటగిరీలో వచ్చింది. కాబట్టి ఆ డబ్బా పుట్టుక నాకు తెలిసినంత మీ రెండు ఆఫీసుల్లో ఇప్పుడున్న కుర్రాళ్ళకి తెలిసే అవకాశం తక్కువ.

మీరు ఒక వస్తువు అనుకుంటున్నారు గానీ అక్కడ నాలుగు ఉన్నాయి. ఫోన్, మీటరు, లైను టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌వి (2000 అక్టోబర్‌లో బీఎస్ఎన్ఎల్ వచ్చాక వాళ్ళవి). దానికి డిపాజిట్ కట్టి, అగ్రిమెంట్ రాసుకుని, కమీషన్ మీద నడిపేవాళ్ళం. రెండోది డబ్బా, అది మాలాంటివాళ్ళం సొంత డబ్బుతో వెల్డింగ్ షాపులో చేయించుకున్నదే, కొందరికి ఏదో స్కీము కింద వచ్చుండొచ్చు. మూడోది నేల, అది రోడ్డుది, దానికి మున్సిపాలిటీ దగ్గర విడిగా పర్మిషన్ తీసుకోవాలి, తీసుకున్నవాళ్ళు ఉన్నారు, తీసుకోకుండా పెట్టేసినవాళ్ళూ ఉన్నారు. నాలుగోది కరెంటు. అందుకే ఎవరిని అడిగినా "మాది కాదు" అంటారు, నిజానికి ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పట్లేదు.

ఫోన్ సరెండర్ చేసిన రోజే మొదటి అగ్రిమెంట్ అయిపోయినట్టు. ఇక ఆ డబ్బాకి "టెలిఫోన్ వాళ్ళది" అనే కవచం లేదు. మీరు టెలిఫోన్ ఆఫీసులో డబ్బా తీయమని అడిగారు, వాళ్ళు కాదన్నారు. అలా అడక్కండి. ఫలానా చోట ఉన్న పీసీవో కనెక్షన్ ఇప్పుడు పనిలో ఉందా, లేకపోతే ఏ తేదీన మూసేశారు, అక్కడున్న నిర్మాణం మీద సంస్థకి ఏమైనా హక్కు ఉందా అని అడగండి, కాగితం మీద. ఆ జవాబు చేతిలో పడితే మున్సిపాలిటీ వాళ్ళ సాకు పోతుంది.

ఇంకోటి, తాళం ఎవరిదో తెలుసుకోవడం చాలా తేలిక. డబ్బా వెనకో, పక్క స్తంభం మీదో కరెంటు మీటరు ఉంటుంది. దాని మీద సర్వీసు నంబరు చూడండి. బిల్లు ఎవరి పేరు మీద ఉంది, ఇంకా కడుతున్నారా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. మీటరు లేకుండా లోపల బల్బు వెలుగుతోందంటే వీధి లైటు నుంచి లాగినట్టు, అప్పుడు కరెంటు వాళ్ళే ముందు పరిగెత్తుకొస్తారు.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఆదివారం రాత్రి పదకొండు దాటాక కాల్ రేటు పావువంతుకి తగ్గేది, దాని కోసం మా బూత్ ముందు జనం మెట్ల మీద కూర్చునేవాళ్ళు, గల్ఫ్‌కి మాట్లాడేవాళ్ళయితే మీటరు వంక చూస్తూనే మాట్లాడేవాళ్ళు. 2003లో సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఉచితం చేశారు, 2006లో దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయి అన్నారు, అంతే, ఇక బూత్‌కి వచ్చేవాడు చిల్లర అడగడానికే వచ్చేవాడు. నా డబ్బా నేనే పాత ఇనుముకి అమ్మేశాను. మీ డబ్బా ఓనరు అమ్ముకోకుండా ఎందుకు వదిలేశాడో ముందు అది కనుక్కోండి.

రిటైర్డ్_ఓవర్సీర్

పై కామెంటులో చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి మా వైపు సంగతి చెప్తాను.

మొట్టమొదట ఆ మెయిన్ రోడ్డు ఎవరిదో తేల్చండి. కార్పొరేషన్ రోడ్డా, ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) రోడ్డా, జాతీయ రహదారి ఊళ్ళోంచి పోతోందా? చాలా ఫిర్యాదులు ఇక్కడే చస్తాయి. మీరు కమిషనర్‌కి రాస్తారు, మూడు వారాల తర్వాత "సదరు రోడ్డు ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు" అని జవాబొస్తుంది, మళ్ళీ మొదటికి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తాడు.

మున్సిపల్ రోడ్డే అయితే, ఫుట్‌పాత్ మీద అడ్డంగా ఉన్నదాన్ని తీయించే అధికారం 1955 కార్పొరేషన్ల చట్టం కింద కమిషనర్‌కి ఉంది. చేయాల్సింది టౌన్ ప్లానింగ్ సెక్షన్. కానీ వాళ్ళ దగ్గర ఇల్లీగల్ ఫ్లోర్ల గొడవలే తలకి మించి ఉంటాయి, మీ డబ్బా వాళ్ళ జాబితాలో చివర ఉంటుంది. అందుకే లోపలివాళ్ళం వాడే దారి ఒకటి చెప్తాను. ఆ డబ్బా కింద డ్రైన్ ఉందా? మలుపు మీద ఫుట్‌పాత్ అంటున్నారు కాబట్టి తొంభై శాతం కాలువ మీద స్లాబే అయ్యుంటుంది. ఉంటే మీ ఫిర్యాదు ఆక్రమణ గురించి కాదు, డ్రైన్ గురించి రాయండి. డబ్బా అడ్డుగా ఉండడం వల్ల పూడిక తీయడానికి వీల్లేదు, వానొస్తే నీళ్ళు నిలుస్తున్నాయి, దోమలు. ఇప్పుడది ఇంజనీరింగ్, శానిటేషన్ వాళ్ళ పని అవుతుంది. వానాకాలానికి ముందు పూడిక తీసే పని ఎలాగూ నడుస్తుంది, జేసీబీ మీ వీధికి ఎలాగూ వస్తుంది, వర్క్ ఆర్డర్ కూడా ఉంటుంది. అధికారులంటే మాటలే అనుకుంటారు గానీ, మనిషి, మిషన్, డీజిల్ ఒకేచోట ఉన్న రోజున ఏ పనైనా అవుతుంది. ఆ రోజు మీ పిటిషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) చేతిలో ఉండాలి.

క్రేన్ సంగతి మర్చిపొమ్మని కుర్రాళ్ళకి గట్టిగా చెప్పండి. ఆ డబ్బా ఎవరిదైనా మీది మాత్రం కాదు, తాళం మార్చేవాడు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి లోపల ఇంత సామాను ఉంది, అంత డబ్బు ఉంది అని రాసిస్తే కేసు మీ మీదే. పైగా పక్కన టెలిఫోన్ పిల్లర్ బాక్స్ (వీధిలో ఫోన్ కేబుళ్ళు కలిపే ఇనుప పెట్టె) ఏమైనా ఉందేమో చూశారా? చాలా చోట్ల బూత్ చచ్చిపోయినా ఆ బాక్స్ బతికే ఉంటుంది. దాన్నుంచి ఎవరింటికో బ్రాడ్‌బ్యాండ్ పోతుంటుంది. ఆ కేబుల్ తెగితే అది ఇంకో నేరం, ఆస్పత్రిదో బ్యాంకుదో తెగిందనుకోండి, చెప్పక్కర్లేదు.

పొట్టకూటి_పక్షం

అందరూ తీసేయండి, లేపేయండి అంటున్నారు. ఇలాంటి బూత్‌లు వికలాంగులకి ఇచ్చేవారని మీలో ఒకరే అంటున్నారు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి కళ్ళకి అడ్డుగా ఉందని వీధిలో బతికేవాణ్ణి ఖాళీ చేయించడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు రోడ్డు మీదకి ఎన్ని అడుగులు వచ్చిందో కూడా కొలిచి రాయండి. 2014 వీధి వ్యాపారుల చట్టం అని ఒకటుంది, సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వ్యాపారిని తీయకూడదు, సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి తీయాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, సామాను పట్టుకెళ్తే లిస్టు రాసి ఇవ్వాలి. ఇది ఎవరూ చెప్పరేం?

మలుపు_ఇల్లు

అన్నా, మీ కోపం అర్థమైంది, ర్యాంపు గురించి కూడా ఒప్పుకుంటా, మాది అడుగున్నర బయటికే ఉంది. కానీ ఇక్కడ బతికేవాడెవరూ కనపడట్లేదు, అదే సమస్య. మా వీధి బూత్ నడిపిన పాత ఆయన ఉన్నప్పుడు మా అమ్మే రోజూ ఆయనకి మజ్జిగ పంపేది.

ఓవర్సీర్ గారూ, మీరన్నట్టే కింద డ్రైనే. కార్పొరేషన్ రోడ్డే అని సచివాలయంలో చెప్పారు. పిల్లర్ బాక్స్ ఉంది, డబ్బాకి రెండడుగుల దూరంలో, తలుపు ఊడిపోయి వైర్లు బయటికొచ్చాయి, అది నడుస్తోందో లేదో చూస్తే తెలియట్లేదు. మీటరు కూడా దొరికింది, రేకు వెనక. నంబరు రాసుకున్నాను. రేపు బిల్లు చూసి చెప్తాను.

లండన్_వలసపక్షి

మేం ఉండేది ఇంగ్లండ్‌లో. మీ పోస్టు చూసి మా ఆవిడకి చదివి వినిపించాను, ఎందుకంటే మా షాపింగ్ వీధిలోనూ ఇదే రామాయణం నడిచింది. ఇక్కడ గొడవ ఇంకో రకం. ఫోన్ పనిచేస్తుంది, కానీ ఎవరూ చేయరు. అసలు పెట్టిందే దాని వెనక వైపున్న పెద్ద అడ్వర్టైజ్‌మెంట్ స్క్రీన్ కోసం. ఇంగ్లండ్‌లో 2019 మే దాకా టెలిఫోన్ కియోస్క్ పెట్టడానికి పూర్తి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు, ఆ వెసులుబాటు పట్టుకుని కంపెనీలు ఫుట్‌పాత్‌ల నిండా పాతేశాయి. ఆ నెల 25 నుంచి పర్మిషన్ తప్పనిసరి చేశారు.

తీయించే దారి ఏంటంటే, ఆ పాత వెసులుబాటులోనే ఒక షరతు ఉంది: ఫోన్ అవసరానికి పనికిరాకుండా పోయిన పరికరాన్ని పెట్టినవాళ్ళే వీలైనంత త్వరగా తీసేయాలి. మేం కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి రిసీవర్ విరిగిపోయిన ఫొటోలు, తేదీలతో సహా, కౌన్సిల్ ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి పంపాం. వాళ్ళు కంపెనీకి రాశారు. కంపెనీ మొదట వచ్చి బాగు చేసింది! మళ్ళీ విరిగింది, మళ్ళీ ఫొటో పంపాం. చివరికి తీసేశారు.

బీటీ (ఇక్కడి పాత టెలిఫోన్ కంపెనీ) వాళ్ళ పాత బాక్సులైతే వేరే లెక్క. అప్పటి నాలుగు మొబైల్ నెట్‌వర్కుల్లో ఏ ఒక్కటైనా అందని చోట, ప్రమాదాలు, ఆత్మహత్యలు ఎక్కువ జరిగే చోట, ఏడాదిలో 52 కంటే ఎక్కువ కాల్స్ వెళ్ళిన చోట తీయకూడదని ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2022లో రూల్ పెట్టింది. ఎర్ర బాక్సుని ఊరివాళ్ళు ఒక పౌండుకి దత్తత తీసుకోవచ్చు, చాలా పల్లెల్లో వాటిలో గుండెకి షాక్ ఇచ్చే మిషన్లు, పుస్తకాలు పెట్టుకున్నారు. కొన్నిచోట్ల పీకకుండానే పని కానిచ్చారు. 2018లో లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో ఉచిత కాల్స్ కియోస్కుల్ని మత్తుమందులు అమ్మేవాళ్ళు వాడుకుంటున్నారని పెద్ద గోల అయితే, బూత్ ఉంచేసి అలాంటి కాల్స్‌కి అడ్డుకట్ట వేశారు. న్యూయార్క్ సిటీ అయితే తన చివరి పేఫోన్‌ని 2022 మే 23న కెమెరాల ముందు క్రేన్‌తో ఎత్తించింది, మీ కుర్రాళ్ళకి ఈ వీడియో చూపించకండి.

మీకు పనికొచ్చే ముక్క ఒక్కటే. "పనిచేయట్లేదు" అన్న మాటని తేదీ వేసిన ఫొటోలతో చూపించండి. ఎక్కడైనా ఆఫీసు ఆఫీసే.

కోర్టుగుమ్మం

అడ్వకేట్‌ని, టూకీగా చెప్తాను. పొట్టకూటి పక్షం గారు చెప్పిన చట్టం నిజమే, అందులో తప్పేం లేదు. కానీ అది వ్యాపారం చేసే మనిషికి రక్ష, తాళం వేసిన ఖాళీ డబ్బాకి కాదు. అక్కడ ఎవరైనా ఏదైనా అమ్ముతున్నారా లేదా అన్నది ముందు తేలాలి.

రెండు ఆఫీసులూ కదలకపోతే మీ చేతిలో ఇంకో దారి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) సెక్షన్ 133, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 152. బహిరంగ స్థలంలో అడ్డంకి గానీ న్యూసెన్స్ గానీ ఉంటే తీసేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ షరతుతో కూడిన ఆర్డర్ ఇవ్వొచ్చు. మన దగ్గర అంటే ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ ఆఫీసు. అవతలివాడు వచ్చి కారణం చెప్పుకునే అవకాశం ఇస్తారు, కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. మున్సిపాలిటీ డబ్బుల్లేవని తప్పించుకోడానికి వీల్లేదని 1980లో రత్లాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ సెక్షన్ కిందే. వీధి జనం మురుగు కాలవల గురించి వేసిన కేసు అది, మీకు బాగా కలుస్తుంది.

ఆర్టీఐ (సమాచార హక్కు అర్జీ) గురించి: టెలిఫోన్ సంస్థ కేంద్రానిది, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, పది రూపాయలు. మున్సిపాలిటీకి విడిగా వేయండి. రెండింటికీ ఒకే అప్లికేషన్ పంపితే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. అడిగేది సమాచారం, కాగితం కాపీ. "ఎందుకు తీయట్లేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు, నేను చూసిన వాటిలో సగం ఆర్టీఐలు పోయేది ఇలాగే.

మలుపు_ఇల్లు

అప్‌డేట్. కథ మలుపు తిరిగింది.

కరెంటు బిల్లు మా వీధి బూత్ నడిపిన పాత ఆయన పేరు మీదే ఉంది, నెలనెలా కడుతున్నారు కూడా. ఆయన ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు, వేరే జిల్లాలో. మా అమ్మ ద్వారా నంబరు దొరికి ఫోన్ చేస్తే పాపం ఎంత సంతోషపడ్డారో, మజ్జిగ సంగతి ఆయనే ఎత్తారు. బిల్లు నేను కట్టట్లేదు బాబూ అన్నారు. మరి కట్టేదెవరు? ఎదురుగా సాయంత్రం పూట ఆమ్లెట్ బండి పెట్టే అతను! తాళం అతనిదే. పగలు స్టవ్, గుడ్ల ట్రేలు, స్టూళ్ళు ఆ క్యాబిన్‌లో పెట్టుకుంటాడు, సాయంత్రం అక్కణ్ణుంచే వైరు లాగి బండికి లైటు వేసుకుంటాడు. పాత ఆయన ఊరెళ్ళేటప్పుడు "వాడుకో, బిల్లు కట్టుకో" అని నోటి మాటగా చెప్పాడట, అద్దె ఏమీ లేదు. ఇక అర మీద క్వార్టర్ సీసాలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు, ఆమ్లెట్ ఇక్కడ తిని అక్కడ తాగుతారు.

అంటే బతికేవాడు ఉన్నాడన్నమాట. పొట్టకూటి పక్షం గారూ, మీ మాటే నిజమైంది ఒక రకంగా. బండి అతనితో మాట్లాడాను. డబ్బా పోతే సామాను ఎక్కడ పెట్టుకోను సార్, రోజూ ఇంటికి మోసుకెళ్ళాలంటే ఆటోకే పోతుంది అన్నాడు. మనిషి మంచివాడే. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే ఇరవై మంది ఇరవై రకాలుగా మాట్లాడారు, ఒకాయన బండి కూడా తీయించేద్దాం అన్నాడు, ఆయనే రాత్రి పది గంటలకి పార్సిల్ తెప్పించుకుంటాడు.

రిటైర్డ్_ఓవర్సీర్

మంచి పని చేశారు, ఫోన్ చేసి. ఇప్పుడు మీ కేసు తేలికైంది.

బండినీ డబ్బానీ కలపొద్దు, పిటిషన్‌లో బండి ఊసే ఎత్తొద్దు. బండి చక్రాల మీద ఉంటుంది, సాయంత్రం వస్తుంది, రాత్రి వెళ్ళిపోతుంది. మీ మలుపుకి అడ్డం డబ్బాయే. అతనికి మున్సిపాలిటీ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందేమో అడగండి. స్వనిధి (వీధి వ్యాపారులకి కేంద్రం స్కీము) లోన్ తీసుకున్నాడంటే వీధి వ్యాపారిగా రికార్డుల్లో ఉన్నట్టే, అతని జోలికి ఎవరూ రారు. సామానుకి మీ సెల్లార్‌లో ఒక మూల చూపించగలిగితే చూపించండి, లేకపోతే పక్క కిరాణా షాపు వాళ్ళకి నెలకింతని ఇచ్చి పెట్టుకుంటాడు, ఊళ్ళో సగం బళ్ళు అలాగే నడుస్తున్నాయి. లైటుకి బ్యాటరీది ఉంటే చాలు.

పాత బూత్ ఆయన దగ్గర ఒక కాగితం తీసుకోండి. "నా పేరు మీద ఉన్న డబ్బాని తొలగించడానికి నాకు అభ్యంతరం లేదు, ఇనుము నాకు ఇవ్వాలి" అని. ఆ రెండో ముక్క వదలొద్దు. పాత ఇనుము ధర మీద అది మూడు నాలుగు వేలైనా పలుకుతుంది, ఆయనదే కదా. సంతకం, ఆధార్ కాపీ, పోస్టులో పంపితే చాలు. అదే చేత్తో కరెంటు సర్వీసు రద్దుకి కూడా ఒక అప్లికేషన్ మీద సంతకం పెట్టించండి. కరెంటు తీయకుండా జేసీబీ డ్రైవర్ ఆ డబ్బా మీద చెయ్యి వేయడు, వేయకూడదు కూడా.

ఇక పిటిషన్. ఒకే పేజీ. వీధి పేరు, వార్డు, డబ్బా కొలతలు (టేపుతో కొలవండి, ఫుట్‌పాత్ వెడల్పు ఎంత, అందులో డబ్బా ఎంత), కింద డ్రైన్ ఉందన్న సంగతి, మలుపు కనపడట్లేదన్న సంగతి, అభ్యంతరం లేదన్న కాగితం కాపీ, నాలుగు ఫొటోలు. ఫొటోల్లో ఒకటి బండి మీద కూర్చున్నవాడి కళ్ళ ఎత్తు నుంచి తీయండి, కుడి వైపు ఏం కనపడుతోందో. ఆ ఫొటో చూశాక ఏ ఆఫీసరూ "పరిశీలిస్తాం" అని పక్కన పెట్టలేడు. రేపు అక్కడ యాక్సిడెంట్ జరిగితే ఆ ఫొటో ఫైల్లో ఉంటుందని అతనికి తెలుసు. సోమవారం గ్రీవెన్స్‌లో (ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో) ఇవ్వండి, రిజిస్టర్ నంబరు లేకుండా బయటికి రాకండి. సంతకాలు వంద అక్కర్లేదు, ఆ మలుపు రోజూ వాడే పదిమంది చాలు, స్కూలు ఆటో డ్రైవర్ సంతకం ఒకటి తప్పకుండా పెట్టించండి.

పొట్టకూటి_పక్షం

సెల్లార్‌లో చోటిస్తామంటే ఇక నా అభ్యంతరం లేదు. ఇస్తారా మరి?

మలుపు_ఇల్లు

వాచ్‌మన్ గది పక్కన మోటారు షెడ్డులో ఇద్దామని ప్రెసిడెంట్ గారు అన్నారు, గ్యాస్ సిలిండర్ మాత్రం వద్దన్నారు, అది న్యాయమే. సిలిండర్ కిరాణా కొట్టు ఆయన ఒప్పుకున్నాడు. పార్సిల్ ఆయన ఇంకా గొణుగుతున్నాడు, ఆయన సంగతి వదిలేయండి.

పాత_బూత్_కాపు

టెలిఫోన్ వాళ్ళ ఉత్తరం మాత్రం మర్చిపోకండి. పాత ఆయన్ని అడిగి ఆ కనెక్షన్ నంబరు తీసుకోండి, నంబరుంటే వాళ్ళు రికార్డులో చూసి మూసేసిన తేదీ చెప్పగలరు, లేకపోతే వెతికి దొరకలేదంటారు. డిపాజిట్ వెనక్కి తీసుకున్నాడో లేదో కూడా అడగండి. మాలో చాలామంది తీసుకోలేదు, రసీదు పోయిందనో, తిరగలేకనో. రసీదు ఆయన దగ్గర ఉంటే అడగడంలో తప్పు లేదు. పిల్లర్ బాక్స్ విషయం అదే ఉత్తరంలో రాసేయండి, తలుపు ఊడి వైర్లు వేలాడుతున్నాయి, లైవ్‌లో ఉందో లేదో చూసి బాగు చేయండి లేదా తీసేయండి అని.

రిటైర్డ్_ఓవర్సీర్

ఇంకొకటి రాయడం మరిచాను. తొలగించమని అడిగి ఊరుకోవద్దు. డబ్బా లేపితే కింద స్లాబ్ పగిలి ఉంటుంది, డ్రైన్ నోరు తెరుచుకుంటుంది, పిల్లలు నడిచే చోటు అది. "తొలగించిన రోజే కొత్త స్లాబ్ వేసి, మలుపు దగ్గర రెండు ఇనుప గొట్టాలు పాతవలసిందిగా" అని అదే పిటిషన్‌లో కలపండి. విడిగా అడిగితే దానికి మళ్ళీ ఎస్టిమేటు, మళ్ళీ ఫైలు. పైగా మలుపు మీద చదునైన ఖాళీ కనపడితే వారం తిరక్కుండా అక్కడ ఇంకో బంకు దిగుతుంది, ఈసారి వచ్చేవాడు స్టే ఆర్డర్ జేబులో పెట్టుకునే వస్తాడు.

మలుపు_ఇల్లు

కలిపాను సార్. సోమవారం నేనూ, స్కూలు ఆటో అతనూ వెళ్తున్నాం. బండి అతను కూడా వస్తానంటున్నాడు.